సాగు పనుల్లోని అలవాట్లు – పార్కిన్సన్స్ వ్యాధి ఆరంభం: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల దృష్ట్యా ఒక పరిశీలన

సారాంశం

పార్కిన్సన్స్ వ్యాధి నరాల వ్యవస్థను నెమ్మదిగా క్షీణింపజేసే దీర్ఘకాలిక రుగ్మత. వయస్సు, వంశపారంపర్యం ఇందుకు ప్రధాన కారణాలైనప్పటికీ నిత్యజీవిత అలవాట్లకు కూడా వ్యాధి ఆరంభంతో సంబంధం ఉన్నట్లు గత నాలుగు దశాబ్దాల పరిశోధనలు తెలుపుతున్నాయి. ఈ అలవాట్లను గురించిన చర్చ సాధారణంగా వ్యాయామం, ఆహారం, ధూమపానం వద్దనే ఆగిపోతున్నది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి వ్యవసాయ ప్రాంతాలలో సస్యరక్షణ మందులను కలిపే తీరు, పిచికారీ చేసే తీరు, పని ముగిసిన తర్వాత శుభ్రపడే తీరు కూడా జీవనశైలిలో భాగమేనని, మార్చుకోగల అలవాట్లలో ఇవే ముందువరుసలో నిలుస్తాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. అందుబాటులో ఉన్న పరిశోధన ఫలితాలను ఈ ప్రాంతపు పంటల సరళితో అన్వయించి, ఆచరణీయమైన సూచనలను ఇందులో పొందుపరచడమైనది.

కీలక పదాలు: పార్కిన్సన్స్ వ్యాధి, కంపవాతం, పారాక్వాట్, చేతి తొడుగులు, పిచికారీ అలవాట్లు, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల

ఉపోద్ఘాతం

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురు రోగుల లక్షణాలను వివరిస్తూ వణుకుతో కూడిన పక్షవాతంపై ఒక చిన్న గ్రంథాన్ని ప్రచురించాడు. ఆయన పేరు మీదనే ఈ వ్యాధి నేడు వ్యవహారంలో ఉన్నది. ఆయుర్వేదంలో ఇదే తరహా లక్షణాలను కంపవాతం అంటారు. గ్రామాలలో దీనిని వణుకుడు రోగమనీ, ముసలితనపు వణుకనీ చెప్పుకుని ఊరుకోవడం పరిపాటి.

ప్రపంచవ్యాప్తంగా ఈ వ్యాధిగ్రస్తుల సంఖ్య 1990లో సుమారు 25 లక్షలు ఉండగా 2016 నాటికి 61 లక్షలకు చేరింది. 2019లో ఈ సంఖ్య 85 లక్షలు దాటిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆయుర్దాయం పెరగడం ఇందుకు ఒక కారణం. అయితే వృద్ధుల సంఖ్య పెరిగిన మేరకు మాత్రమే ఈ పెరుగుదల లేదని, వయస్సు ప్రభావాన్ని తీసివేసి లెక్కించినా వ్యాధి పెరిగినట్లే కనిపిస్తున్నదని పరిశోధకులు గుర్తించారు. మనిషి వంశలక్షణాలు ఒక తరం కాలంలో మారిపోవు. కనుక మారినది మనిషి చుట్టూ ఉన్న పరిసరాలు, వాటిలో అతడు మెలిగే తీరు. వ్యవసాయ పరిశోధనకు ఈ వ్యాధితో సంబంధం ఏర్పడేది ఈ బిందువు వద్దనే.

వ్యాధి స్వరూపం

మధ్య మెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లని పొర ఉంటుంది. ఇందులోని కణాలు డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. శరీర కదలికలు తడబాటు లేకుండా సాగడానికి ఈ రసాయనం అవసరం. పార్కిన్సన్స్ వ్యాధిలో ఈ కణాలు క్రమంగా నశిస్తాయి. మిగిలిన కణాలలో ఆల్ఫా-సైన్యూక్లిన్ అనే మాంసకృత్తు ముద్దలుగా పేరుకుంటుంది. కదలికలు మందగించడం, కండరాలు బిగుసుకుపోవడం, విశ్రాంతిగా ఉన్నప్పుడు చేయి వణకడం, తర్వాతి దశలో నిలకడ తప్పడం ప్రధాన లక్షణాలు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. చేతి వణుకు బయటపడే నాటికే ఈ కణాలలో సగం వరకు నశించి ఉంటాయి. అంటే 60వ ఏట కనిపించిన వణుకుకు మూలాలు 40 లేదా 50వ ఏటనే పడి ఉండవచ్చు. విత్తిన నాటికీ పంట ఇంటికి వచ్చే నాటికీ మధ్య రైతు నెలలు లెక్కించినట్లే ఈ వ్యాధి విషయంలో సంవత్సరాలు లెక్కించవలసి ఉంటుంది. నేడు పొలంలో పిచికారీ చేస్తున్న 35 ఏళ్ల రైతుకు ఏ బాధా లేకపోవడం అతడు సురక్షితంగా ఉన్నాడనడానికి రుజువు కాదు.

ఈ వ్యాధి అధికంగా 60 ఏళ్లు పైబడిన వారిలో కనిపిస్తుంది. స్త్రీలకన్నా పురుషులలో సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. ఒకే జన్యువులోని మార్పు వలన నేరుగా వచ్చే కేసులు కొద్ది శాతమే. తక్కిన వారిలో జన్యు స్వభావం, వయస్సు, పరిసరాలు కలిసి పనిచేస్తాయి. ఈ మూడింటిలో మనిషి చేతిలో ఉన్నది చివరిది ఒక్కటే.

రసాయనాలతో సంబంధం: పరిశోధన ఆధారాలు

ఒక రసాయనం మాత్రమే పార్కిన్సన్స్ లక్షణాలను కలిగించగలదని స్పష్టంగా చూపిన సంఘటన 1982లో జరిగింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో దొంగచాటుగా తయారైన మాదక ద్రవ్యాన్ని సూదితో ఎక్కించుకున్న కొందరు యువకులు కొద్ది రోజులలోనే కదలలేని స్థితికి చేరారు. ఆ ద్రవ్యంలో ఎం.పి.టి.పి. అనే మలినం ఉన్నదని, అది మెదడులోని డోపమిన్ కణాలను చంపివేసిందని విలియం లాంగ్‌స్టన్ బృందం 1983లో ప్రకటించింది. శరీరంలో ఎం.పి.టి.పి. మారి ఏర్పడే పదార్థపు నిర్మాణం పారాక్వాట్ అనే కలుపు మందు నిర్మాణాన్ని పోలి ఉండడంతో శాస్త్రజ్ఞుల దృష్టి పొలం వైపు మళ్లింది.

2000 సంవత్సరంలో టిమోతీ గ్రీనమైర్ బృందం ఎలుకలపై రోటినోన్ ప్రభావాన్ని పరిశీలించి, అది పార్కిన్సన్స్‌ను పోలిన మార్పులను కలిగిస్తున్నదని తెలిపింది. రోటినోన్ కొన్ని మొక్కల వేర్ల నుండి తీసే పదార్థం. మొక్కల నుండి వచ్చిన మందు గనుక ప్రమాదం లేదనే భావన సరికాదనడానికి ఇది చక్కని ఉదాహరణ. అదే కాలంలో పారాక్వాట్‌ను, మానెబ్ అనే శిలీంద్రనాశినిని కలిపి ఎలుకలకు ఇచ్చినప్పుడు విడివిడిగా ఇచ్చినదానికన్నా ఎక్కువ హాని కలిగినట్లు తేలింది.

మనుషులపై జరిగిన అధ్యయనాలలో రెండు ముఖ్యమైనవి. మొదటిది కాలిఫోర్నియా మధ్య లోయలో జరిగింది. ఇంటికి 500 మీటర్ల లోపు పొలాలలో పారాక్వాట్, మానెబ్ రెండూ పిచికారీ జరిగిన ప్రాంతాలలో నివసించిన వారికి వ్యాధి వచ్చే అవకాశం 75 శాతం ఎక్కువగా ఉన్నట్లు 2009లో ప్రకటించారు. రెండవది ఐయోవా, నార్త్ కరోలినా రాష్ట్రాల రైతులు, పిచికారీ పనివారిపై కారొలిన్ టానర్ బృందం చేసినది. ఇందులో 110 మంది వ్యాధిగ్రస్తులను, 358 మంది ఇతరులను పోల్చి చూడగా, పారాక్వాట్ వాడిన వారిలోనూ రోటినోన్ వాడిన వారిలోనూ వ్యాధి అవకాశం సుమారు రెండున్నర రెట్లు ఉన్నట్లు 2011లో వెల్లడైంది.

ఈ ఫలితాలను ఉన్నదున్నట్లుగా గ్రహించాలి. ఇవి సంబంధాన్ని చూపే అధ్యయనాలే తప్ప, మందు కొట్టిన ప్రతి వ్యక్తికీ వ్యాధి వస్తుందని చెప్పేవి కావు. ఆ రెండు రాష్ట్రాల రైతులనే మరింత ఎక్కువ సంఖ్యలో, ఎక్కువ కాలం పరిశీలించి 2020లో ప్రకటించిన ఫలితాలలో పారాక్వాట్‌తో సంబంధం అందరిలో ఒకే తీరుగా కనిపించలేదు. గతంలో తలకు దెబ్బ తగిలినవారిలో అది స్పష్టంగా కనిపించింది. అయినా ప్రయోగశాల ఆధారాలు, జంతువులపై ప్రయోగాలు, మనుషుల అధ్యయనాలు మూడూ ఒకే దిశను చూపుతున్నప్పుడు జాగ్రత్త వహించడం వివేకం. ఫ్రాన్స్ దేశం 2012లోనే పురుగు మందుల ప్రభావానికి గురైన వ్యవసాయ రంగంలోని వారికి వచ్చే పార్కిన్సన్స్‌ను వృత్తి సంబంధ వ్యాధిగా గుర్తించి పరిహారానికి అర్హత కల్పించింది. పారాక్వాట్ అనుమతి యూరప్ సమాఖ్యలో 2007లో రద్దయింది. థాయిలాండ్, బ్రెజిల్ దేశాలు 2020లో దాని వాడకాన్ని నిషేధించాయి. మన దేశంలో కేరళ రాష్ట్రం 2011లో నిషేధం విధించింది.

పాత మందుల విషయం కూడా ఇక్కడ ప్రస్తావించదగినది. ఒకప్పుడు తెలుగు ప్రాంతాలలో వరిపైనా ఇతర పంటలపైనా బి.హెచ్.సి. పొడిని విరివిగా చల్లేవారు. దీని వాడకాన్ని 1997లో దేశమంతటా నిషేధించారు. ఇందులోని బీటా రూపం శరీరపు కొవ్వులో చాలా ఏళ్లు నిలిచి ఉంటుంది. అమెరికాలో 2009లో ప్రకటించిన ఒక అధ్యయనంలో పార్కిన్సన్స్ రోగులలో 76 శాతం మంది రక్తంలో ఈ పదార్థం కనిపించగా, ఆరోగ్యవంతులలో 40 శాతం మందిలోనే కనిపించింది. ఉత్తర భారతదేశపు రోగులపై 2013లో వెలువడిన అధ్యయనం కూడా ఇదే దిశలో ఫలితాన్నిచ్చింది. నేడు 60, 70 ఏళ్ల వయస్సులో ఉన్న రైతులు వట్టి చేతులతో ఈ పొడిని చల్లిన తరానికి చెందినవారు.

ఈ ప్రాంతపు సాగు సరళి

జగిత్యాల జిల్లాకు శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కాలువ నీరు, బావులు ఆధారం. వరి ప్రధాన పంట. కోరుట్ల, మెట్‌పల్లి పరిసరాలు పసుపు సాగుకు పేరొందాయి. మొక్కజొన్న కూడా విస్తారంగా వేస్తారు. జగిత్యాల సమీపంలోని చల్‌గల్ మామిడి మార్కెట్ చుట్టూ తోటల విస్తీర్ణం పెరిగింది. రాజన్న సిరిసిల్ల జిల్లాలో వరి, పత్తి సాగుతో పాటు మరమగ్గాల పరిశ్రమ వేల కుటుంబాలకు జీవనాధారం. ఈ పంటలు ఒక్కొక్కటి మందుతో ఒక్కొక్క విధమైన తాకిడిని కలిగిస్తాయి.

వరి కోసిన తర్వాత దున్నకుండానే మొక్కజొన్న వేసే పద్ధతిలో కొయ్యకాళ్లు మళ్లీ చిగురించకుండా, మొలిచిన కలుపు మాడిపోయేలా పారాక్వాట్ పిచికారీ చేయడం వాడుకలోకి వచ్చింది. దున్నకం ఖర్చు, సమయం, నీరు ఆదా కావడం ఈ పద్ధతిలోని మేలు. ఆ మేలు వెనుక పనివాడి చర్మానికి మందు తాకే ఒక అదనపు సందర్భం చేరింది. పసుపులో ఆకుమచ్చ తెగులుకు మాంకోజెబ్ వంటి మందులు చల్లుతారు. ఇది మానెబ్ కుటుంబానికి చెందినదే, ఇందులోనూ మాంగనీసు ఉంటుంది. మాంగనీసు అధిక మోతాదులో శరీరంలో చేరితే పార్కిన్సన్స్‌ను పోలిన లక్షణాలు వస్తాయని గని కార్మికుల అనుభవం వలన చాలాకాలంగా తెలుసు. మాంకోజెబ్‌పై మానవ ఆధారాలు మానెబ్‌పై ఉన్నంతగా లేవు. అయినా నడుము ఎత్తు పెరిగిన పసుపులో తడిసిన ఆకుల మధ్య నడుస్తూ పిచికారీ చేసే మనిషి తొడలు, చేతులు పూర్తిగా తడుస్తాయన్న సంగతి మరువరాదు. మామిడిలో మందు తల పైకి చిమ్ముతారు. తుంపర ముఖం మీద, మెడ మీద పడుతుంది. పత్తిలో పంట కాలమంతా పిచికారీలు పలుమార్లు సాగుతాయి.

పారాక్వాట్ మింగితే విరుగుడు లేదని గ్రామాలలో అందరికీ తెలుసు. ఆ భయం వలన సీసాను పిల్లలకు అందకుండా దాస్తున్నారు. అదే మందు చర్మం ద్వారా కొద్దికొద్దిగా, ఏళ్ల తరబడి చేరే విషయంలో మాత్రం అంత భయం లేదు. డబ్బాపై ఉండే ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు ఒక్కసారి శరీరంలోకి చేరితే కలిగే విష తీవ్రతను మాత్రమే సూచిస్తాయి. ఇరవై ఏళ్ల తర్వాత కలిగే ఫలితాన్ని ఆ రంగులు చెప్పవు. ఆకుపచ్చ గుర్తు చూసి వట్టి చేతితో మందు కలపవచ్చని భావించడం పొరపాటు.

చేతి తొడుగు ప్రాధాన్యం

అలవాటు వ్యాధి అవకాశాన్ని మార్చగలదా అన్న ప్రశ్నకు సూటిగా సమాధానమిచ్చే ఫలితం ఒకటి 2015లో వెలువడింది. ఐయోవా, నార్త్ కరోలినా పిచికారీదారుల సమాచారాన్నే పరిశోధకులు మరొక కోణంలో పరిశీలించారు. చేతి తొడుగులు వాడని వారిలో పారాక్వాట్ వాడకంతో వ్యాధి అవకాశం సుమారు నాలుగు రెట్లు ఉండగా, తొడుగులు వాడిన వారిలో అటువంటి పెరుగుదల కనిపించలేదు. పర్మెత్రిన్ అనే మందు విషయంలోనూ ఇదే తీరు. అధ్యయనం చిన్నదే అయినా ఇందులోని సందేశం విలువైనది. మందు అదే, పొలం అదే, పని అదే. తేడా అంతా చర్మానికీ మందుకీ మధ్య ఉన్న పలుచని పొరలోనే ఉన్నది.

పిచికారీ పనిలో శరీరానికి చేరే మందులో ఎక్కువ భాగం శ్వాస ద్వారా కాక చర్మం ద్వారా, ముఖ్యంగా చేతుల ద్వారా చేరుతుంది. చిక్కటి మందును కొలిచి నీటిలో కలిపే కొద్ది నిమిషాలు, గంటల కొద్దీ సాగే పిచికారీ కన్నా ప్రమాదకరమైనవి. ఈ ప్రాంతంలో గమనించదగిన అలవాట్లను ఈ క్రింది విధంగా పేర్కొనవచ్చు.

ఒకటి, మందును కర్రతో కాక చేతితో కలపడం. రెండు, మూతను పళ్లతో విప్పడం. మూడు, నాజిల్‌లో చెత్త అడ్డుపడితే నోటితో ఊదడం. నాలుగు, కారుతున్న పంపును బాగుచేయకుండా వీపుకు తగిలించుకుని తడిసిన బట్టలతోనే పని కొనసాగించడం. ఐదు, మధ్యలో బీడీ తాగడం, తంబాకు నమలడం. ఆరు, పని ముగిసిన తర్వాత స్నానం చేయకుండానే భోజనానికి కూర్చోవడం లేదా కల్లు మండువాకు వెళ్లడం. ఏడు, మందు తడిసిన బట్టలను ఇంటిల్లిపాది బట్టలతో కలిపి ఉతకడం. చివరిదానివలన పొలంలో అడుగుపెట్టని ఇల్లాలి చేతులకు కూడా మందు చేరుతుంది.

బట్టతో కుట్టిన చేతి తొడుగులు మందుకు పనికిరావు. అవి మందును పీల్చి చర్మానికి అంటిపెట్టుకుని ఉంచుతాయి. నైట్రైల్ రబ్బరు తొడుగులే ఇందుకు తగినవి. ఎండలో పూర్తి రక్షణ దుస్తులు వేసుకుని పనిచేయడం కష్టమన్న మాటలో నిజమున్నది. అటువంటప్పుడు అన్నీ వదిలేయడంకన్నా కనీసం మందు కలిపే సమయంలో తొడుగులు వేసుకోవడం, ఉదయం చల్లటి వేళ పని ముగించడం, వెంటనే సబ్బుతో చేతులు, మెడ కడుక్కోవడం ఆచరణకు వీలైన మధ్యేమార్గం.

ఇతర అలవాట్లు

శారీరక శ్రమ: అమెరికాలో ఆరోగ్య రంగ ఉద్యోగులపై 2005లో వెలువడిన దీర్ఘకాలిక అధ్యయనంలో ఎక్కువగా శ్రమించే పురుషులలో వ్యాధి అవకాశం సుమారు సగం మేరకు తగ్గినట్లు తేలింది. రైతుకు వ్యాయామం వేరుగా అవసరం లేదన్న భావన ఉన్నది. కానీ దుక్కి, కోత, నూర్పిడి యంత్రాలపరం అయిన తర్వాత రైతు దినచర్యలో నడక తగ్గింది. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలలో వేలాది మహిళలు బీడీలు చుడుతూ రోజంతా ఒకే భంగిమలో కూర్చుంటారు. వీరికి ఉదయమో సాయంత్రమో అరగంట వేగపు నడక అవసరం. వ్యాధి సోకిన వారికీ శ్రమ మేలు చేస్తుంది. 128 మంది రోగులపై జరిగి 2018లో వెలువడిన అధ్యయనంలో, ఆరు నెలలపాటు ట్రెడ్‌మిల్ మీద తీవ్రమైన నడక సాగించిన వారిలో కదలికల క్షీణత మందగించింది.

బీడీ, సిగరెట్టు: పొగ తాగేవారిలో పార్కిన్సన్స్ తక్కువగా కనిపిస్తుందని అనేక అధ్యయనాలు చెప్పిన మాట వాస్తవమే. దీనిని ధూమపానానికి సమర్థనగా తీసుకోరాదు. నికోటిన్ పట్టీలను ఏడాదిపాటు వాడి చూసిన ప్రయోగంలో వ్యాధి వేగం తగ్గలేదని 2023లో వెల్లడైంది. ఊపిరితిత్తుల క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం వంటి వాటివలన బీడీ తీసుకునే ప్రాణాల ముందు ఈ పరిశీలనకు విలువ లేదు.

టీ, కాఫీ: హవాయిలోని 8,004 మంది జపాన్ సంతతి పురుషులపై జరిగి 2000లో వెలువడిన అధ్యయనంలో కాఫీ అసలు తాగనివారిలో, అధికంగా తాగేవారికన్నా వ్యాధి అనేక రెట్లు ఎక్కువగా కనిపించింది. ఇందుకు కెఫీన్ కారణమని భావిస్తున్నారు. టీలోనూ కెఫీన్ ఉంటుంది. రోజుకు రెండు మూడు కప్పుల టీ తాగేవారు ఈ వ్యాధి భయంతో మానవలసిన పని లేదు. వ్యాధిని ఆపుతుందన్న ఆశతో పెంచవలసిన పని కూడా లేదు.

తల గాయాలు: కాలిఫోర్నియాలో 2012లో వెలువడిన అధ్యయనంలో తలకు తీవ్రమైన దెబ్బ, పారాక్వాట్ తాకిడి రెండూ ఉన్నవారిలో వ్యాధి అవకాశం సుమారు మూడు రెట్లు ఉన్నట్లు తేలింది. ద్విచక్ర వాహనంపై శిరస్త్రాణం, గీత కార్మికులకు తాటిచెట్టుపై రక్షణ మోకు ఈ దృష్ట్యా కూడా అవసరం.

ఆహారం: ఆకుకూరలు, పప్పులు, పండ్లు, పీచు పదార్థాలు అధికంగా తీసుకునేవారిలో వ్యాధి అవకాశం కొంత తక్కువగా ఉన్నట్లు అధ్యయనాలు సూచిస్తున్నాయి. కాలువ నీరు వచ్చిన తర్వాత పళ్లెంలో అన్నం పెరిగి జొన్న రొట్టె తగ్గిన ప్రాంతమిది. జొన్న, పెసర, కంది, ఆకుకూరలకు తిరిగి చోటు కల్పించడం మధుమేహానికి, గుండెకు కూడా మేలు. ప్రయోగశాలలో పసుపులోని కర్కుమిన్ నరాల కణాలను కాపాడినట్లు కనిపించినా, మనుషులలో అది వ్యాధిని అడ్డుకుంటుందన్న రుజువు లేదు. పసుపు పండించే ప్రాంతంలో ఈ విషయమై అతిశయోక్తులు వ్యాపించకుండా చూడాలి.

మరమగ్గాల పని: సిరిసిల్ల కార్మికులకు రాత్రి పాళీలు, నిద్రలేమి ప్రధాన సమస్యలు. వస్త్ర, యంత్ర పరిశ్రమలలో నూనె మరకలు, జిడ్డు తొలగించే కొన్ని ద్రావకాలలో ట్రైక్లోరోఇథిలీన్ ఉంటుంది. ఈ పదార్థం కలిసిన నీటిని వాడిన అమెరికా సైనిక శిబిరం వారిలో పార్కిన్సన్స్ అవకాశం 70 శాతం ఎక్కువగా ఉన్నట్లు 2023లో వెల్లడైంది. కనుక ద్రావకాలు వాడే చోట గాలి ఆడేలా చూడడం, చేతులతో నేరుగా ముట్టుకోకపోవడం అవసరం.

ముందుగా కనిపించే లక్షణాలు

వణుకుకన్నా ఏళ్ల ముందే కొన్ని సూచనలు కనిపిస్తాయి. హవాయి అధ్యయనంలోనే రోజుకు ఒకసారి కూడా మలవిసర్జన కానివారిలో, ఒకసారి అయ్యేవారికన్నా వ్యాధి 2.7 రెట్లు ఎక్కువగా కనిపించింది. మలబద్ధకం వ్యాధికి కారణమనడంకన్నా వ్యాధి పేగుల నరాలలో ముందే మొదలైందనడానికి సూచన అని భావించడం సమంజసం. వాసన తెలియకపోవడం మరొక సూచన. నిద్రలో కలను నిజంగా ఆడినట్లు కేకలు వేయడం, చేతులు, కాళ్లు విసరడం మూడవది. నిద్ర పరీక్షలో ఈ లోపం నిర్ధారణ అయిన 1,280 మందిని పరిశీలించిన 2019 అధ్యయనం ప్రకారం 12 ఏళ్లలో సుమారు 73 శాతం మందిలో పార్కిన్సన్స్ లేదా దానికి సంబంధించిన మెదడు క్షీణత వ్యాధి వచ్చే అవకాశమున్నది. అక్షరాలు చిన్నవిగా మారడం, నడిచేటప్పుడు ఒక చేయి ఊగకపోవడం, గొంతు సన్నగిల్లడం, ముఖంలో భావం తగ్గడం తర్వాత వస్తాయి.

ఈ ప్రాంతంలో అనేక కుటుంబాలలో కొడుకులు గల్ఫ్ దేశాలలో ఉంటారు. తల్లిదండ్రుల నడకలో మార్పును రోజూ చూసే కళ్లు ఇంట్లో ఉండవు. ఫోనులో గొంతు సన్నగిల్లిందనిపించడం కూడా ఒక సూచనగా గ్రహించాలి.

వణుకులన్నీ పార్కిన్సన్స్ కావు. గ్లాసు పట్టుకున్నప్పుడు మాత్రమే వచ్చే వణుకు సాధారణంగా వేరే రకం. మత్తు మందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవారు దానిని ఒక్కసారిగా మానినప్పుడు వచ్చే వణుకు, మూర్ఛలు వేరు. వాంతులకు వాడే మెటాక్లోప్రమైడ్, కళ్లు తిరగడానికి వాడే సిన్నరిజిన్, తలనొప్పికి వాడే ఫ్లూనరిజిన్ వంటివి నెలల తరబడి వాడితే పార్కిన్సన్స్‌ను పోలిన లక్షణాలు రావచ్చు. మందు ఆపిన తర్వాత చాలామందిలో ఇవి క్రమంగా తగ్గుతాయి. అందువలన వైద్యుని వద్దకు వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రలన్నింటినీ, గతంలో కొట్టిన పురుగు మందుల వివరాలను కూడా తెలపడం అవసరం.

చికిత్సలో లెవోడోపా నేటికీ ప్రధాన ఔషధం. ఈ పదార్థాన్ని దూలగొండి గింజల నుండి వేరుచేసినట్లు దామోదరన్, రామస్వామి అనే భారతీయ శాస్త్రజ్ఞులు 1937లోనే ప్రకటించారు. అంతమాత్రాన చేనుగట్టున పెరిగే దూలగొండి గింజలను సొంతంగా పొడిచేసి వాడడం తగదు. గింజలో ఔషధం పాలు ఒకే తీరుగా ఉండదు. మాత్రలతో కలిసి మోతాదు మించితే అదుపులేని కదలికలు, భ్రమలు, రక్తపోటు పడిపోవడం సంభవిస్తాయి.

సూచనలు

1. మందు అవసరాన్నే తగ్గించడం మొదటి మెట్టు. పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం రూపొందించిన జగిత్యాల సన్నాలు వంటి ఉల్లికోడును తట్టుకునే రకాలు ఇందుకు నిదర్శనం. తెగులును తట్టుకునే విత్తనం వేసిన రైతు పంపు ఎత్తే సందర్భాలు తగ్గుతాయి. ఆ మేరకు అతని చర్మానికి మందు తాకదు. ఈ లాభాన్ని దిగుబడి లెక్కలలో చూపడం లేదు, చూపవలసి ఉన్నది.

2. కలుపు నివారణలో వీలైనచోట కోనోవీడర్, పవర్ వీడర్ వాడాలి. దున్నకుండా మొక్కజొన్న వేసేవారు వరిని నేలమట్టానికి కోసి కొయ్యకాళ్ల చిగురింపును తగ్గించుకోవాలి.

3. ఆర్థిక నష్ట పరిమితి దాటినప్పుడే పిచికారీ చేయాలి. రెండు మూడు మందులను సొంతంగా కలపరాదు.

4. మందు కలిపేటప్పుడు నైట్రైల్ తొడుగులు తప్పనిసరి. పురుగు మందుల దుకాణంలో డబ్బాతో పాటు తొడుగుల జత కూడా అమ్మే ఏర్పాటు ఉండాలి.

5. పంపు కారడాన్ని పనికి ముందే సరిచూడాలి. నాజిల్‌ను సన్నని తీగతో లేదా మెత్తని కుంచెతో శుభ్రం చేయాలి. గాలికి ఎదురుగా పిచికారీ చేయరాదు.

6. పని ముగిసిన వెంటనే సబ్బుతో స్నానం చేయాలి. పిచికారీ బట్టలను విడిగా ఉతకాలి, ఉతికేవారు కూడా తొడుగులు వాడాలి.

7. తాగునీటి బావి, ఇల్లు, పశువుల కొట్టానికి దూరంగా మందు కలపాలి. ఖాళీ డబ్బాలను ఇంట్లో వాడుకోరాదు.

8. రక్తపోటు, మధుమేహ పరీక్షల సందర్భంగా 50 ఏళ్లు దాటిన రైతులను వాసన, మలబద్ధకం, నిద్రలో కదలికలు, చేతి ఊపు గురించి నాలుగు ప్రశ్నలు అడగడం ఖర్చులేని పని. అనుమానమున్న వారిని జగిత్యాల, సిరిసిల్ల ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులకు, అవసరమైతే హైదరాబాదులోని నిమ్స్‌కు పంపాలి.

9. ఈ ప్రాంతపు రైతులు ఏ మందును ఎన్నేళ్లు, ఏ తీరుగా వాడారో నమోదు చేసే దీర్ఘకాలిక అధ్యయనాన్ని వ్యవసాయ, వైద్య సంస్థలు కలిసి చేపట్టాలి. అమెరికా రైతుల లెక్కలతో ఇక్కడి చేను పరిస్థితిని పూర్తిగా అంచనా వేయలేము. అక్కడ ట్రాక్టరుపై కూర్చుని పిచికారీ చేస్తారు. ఇక్కడ పంపు మనిషి వీపు మీద ఉంటుంది.

ముగింపు

పార్కిన్సన్స్ వ్యాధి ఆరంభంలో వయస్సు, వంశం పాత్రను ఎవరూ తప్పించలేరు. శ్రమ, ఆహారం, నిద్ర వంటి అలవాట్లు అందరికీ వర్తించేవే. కానీ జగిత్యాల వరి మడిలో, కోరుట్ల పసుపు చేనులో, సిరిసిల్ల పత్తి చేనులో పనిచేసే మనిషికి జీవనశైలి అంటే ముందుగా అతడు మందును ముట్టుకునే తీరు. ఇది మార్చుకోగల అలవాటు, మార్చుకున్నందువలన ఫలితం ఉండవచ్చని ఆధారమున్న అలవాటు. ఒక జత తొడుగుల వెల ఒక మందు డబ్బా వెలలో చిన్న భాగం. వ్యాధి వచ్చిన తర్వాత జీవితాంతం కొనవలసిన మాత్రల వెలతో, కుటుంబంలో ఒకరు పని మానుకుని చేయవలసిన సేవతో పోలిస్తే అది లెక్కలోనిది కాదు. సస్యరక్షణ సిఫార్సులలో మందు పేరు, మోతాదు, నీటి పరిమాణంతో పాటు పనివాడి చేతి రక్షణ కూడా తప్పనిసరి అంశంగా చేరినప్పుడే ఆ సిఫార్సు సంపూర్ణమవుతుంది.